ఇంటిపేరు మాత్రం తెలుసు

అల్లం కుటుంబాన్ని లెక్కపెట్టాలంటే
తలెత్తుకు నడిచేవాళ్ళు పనికిరారు.
ఆకులు మనిషికి రెండింతలు లేచి మబ్బుతో ముచ్చటాడుతుంటాయి గానీ
పువ్వు మాత్రం వేరు దగ్గర, మట్టిని చీల్చుకుని,
ఎవరో పారేసుకున్న గుడ్డపీలికలా పడి ఉంటుంది.
అందుకే క్రాకర్ కొండల్లో మా పదకొండు రోజులూ
మోకాళ్ళ మీదే గడిచాయి.

యాభై మీటర్ల తాడు. ఒక కొస వెరోనస్ చేతిలో,
రెండో కొస పొగమంచులో.
తాడుకి అటు రెండు మీటర్లు, ఇటు రెండు మీటర్లు,
అంతే మా రాజ్యం.
దాని అవతల ఎంత గొప్పది పూసినా లెక్కలోకి రాదు.
ఒకసారి వెరోనస్ తాడుని కాలితో కాస్త పక్కకి జరిపాడు.
నేను పెన్సిల్ చెక్కుకుంటూ చూడనట్టున్నాను.

పువ్వు లేనిదే పేరు రాయకూడదని నియమం.
ఓడు లుంగ్కియంకి పువ్వుతో పనిలేదు.
డెబ్బై మూడేళ్ళ ముసలమ్మ, వీపున వెదురుబుట్ట,
వారం వారం సంతలో తుహావ్ కాడలమ్మే మనిషి.
ఆకు కొస తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని
కళ్ళు మూసుకుంటుంది.
"ఇది పంది తవ్వుకునేది."
"ఇది బాలింతకి."
"ఇది దేనికీ కాదు. ఊరికే ఉంటుంది."
ఆ మూడోది ఏ గడిలో రాయాలో నాకు తోచలేదు.

తుహావ్ కూడా ఆ ఇంటిదే.
సన్నగా తరిగి ఉప్పూ మిరపకాయా వేసి ఊరబెడితే
సగం మందికి నోరూరుతుంది,
సగం మంది నల్లి నలిగిందంటూ లేచిపోతారు.
మా డాక్టర్ ఫ్లోరియానా లేచిపోయే రకం.
దాని మీద ఇరవై పేజీలు రాసింది కూడా ఆవిడే.

తొమ్మిదో రోజు. ఎత్తు పధ్నాలుగు వందల ఇరవై.
పిక్క మీది జలగని ఊడబెరుక్కోవడానికి వంగితే
కుళ్ళిన ఆకుల కింద ఏదో వెలిగింది.
మైనం లాంటి పెదవి, అంచున పసుపు గీత,
ఒకే ఒక్క కేసరం.
ఆయుష్షు ఒక్క పూట.
సీసాలో స్పిరిట్ పోస్తే ఆకారం నిలుస్తుంది, రంగు నిలవదు.
ఆ పోయే రంగుని రాసిపెట్టడమే నా జీతం.
రంగుల పట్టీ వానకి అట్టకట్టుకుపోయింది.
"ఏం రంగు, ఓడూ?"
"పరిగెత్తి వచ్చిన కుక్క నాలుక."
రాసుకున్నాను.

ఆకు తుంచి ఇచ్చాను. నలిపింది. కళ్ళు మూసుకుంది.
వాన మా బరకం మీద మొదలైంది, ఆగింది కూడా.
మళ్ళీ నలిపి నాలుక కొసకి అద్దుకుంది.
"అల్లం వాళ్ళ పిల్లే," అంది చివరికి.
"ఎవరి కడుపునో తెలీదు."

డాక్టర్ ఫ్లోరియానా మాట నిలవడం లేదు.
కొత్తదేమో, కొత్తదేమో అంటూ
సీసా మూత మూడుసార్లు తిప్పి చూసింది.
ముసలమ్మ మాత్రం ఆ రాత్రి
అన్నం ముద్ద చేతిలో ఆరిపోతున్నా అలాగే కూచుంది,
ఇన్నేళ్ళూ పక్కింటివాళ్ళని పలకరించలేదని
ఇప్పుడే తెలిసిన ఇల్లాలిలా.

తెల్లారకముందే టార్చి కదిలింది. వెనకే వెళ్ళాను.
నిన్న పెకలించిన చోట గుంట, గుంటలో నీళ్ళు.
కాస్త పైన, రాయి చాటున, విప్పుకోని మొగ్గ ఒకటి.
ఓడు బుట్ట దించి చతికిలబడింది.
ముక్కు తుడుచుకుంది.
ఆ మొగ్గకి తన పేరు చెప్పింది.
తల్లి పేరు, తల్లి తల్లి పేరు,
ఏ వాగు ఒడ్డున ఇల్లో, మెట్లెన్నో,
ఇద్దరు బిడ్డలు ఏ యేడు పోయారో.
మొగ్గ ఏమీ చెప్పలేదు.
ఆమె తొందరపెట్టలేదు.

లేబుల్ నింపాను.
కుటుంబం: అల్లం.
పేరు: ఖాళీ.
రంగు గడిలో కుక్క నాలుకని అలాగే ఉంచాను.

తర్వాత టేపు తీసి కొలిచాను.
తాడు నుంచి మొగ్గకి రెండు మీటర్ల పది సెంటీమీటర్లు.
వెరోనస్ నా వంక చూశాడు, కాలు తాడు మీద పెట్టి.
చుట్టెయ్, అన్నాను.